వృద్ధుల హోమ్‌లకు ఎలాంటి తనిఖీ అడగాలి? విశాఖ నుంచి ఒక పోలిక

మా వయోవృద్ధుల సంఘం జిల్లా కలెక్టరుకు ఒక అర్జీ ఇవ్వాలని నిర్ణయించింది. మంచాన పడిన పెద్దవారిని చూసుకునే హోమ్‌లను ప్రభుత్వం పద్ధతిగా తనిఖీ చేయాలన్నది అందులోని విషయం. అంతవరకు అందరిదీ ఒకే మాట. ఏ పద్ధతిలో అనే దగ్గరే మాటలు వేరయ్యాయి. ఒకరు యాప్ పెట్టమన్నారు. ఒకరు హోటళ్లకు ఇచ్చినట్టు స్టార్లు ఇవ్వమన్నారు. ఆసుపత్రుల నాణ్యతను చూసి జాతీయ స్థాయిలో ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు తప్పనిసరి చేస్తే మిగతా దిగులు ఉండదని ఇంకొకరు అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, అన్నిటినీ పోల్చి చెప్పే పని నాకు అప్పగించారు. ఇదే ప్రశ్న మిగతా సంఘాలవారికీ, తల్లినో తండ్రినో హోమ్‌లో చేర్చిన పిల్లలకూ ఉంటుంది కనుక వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అని బోర్డు ఉంటే అది ఇరవై, ముప్పై పడకల చిన్న ఆసుపత్రి. దానికి 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఉన్నారు. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే నెలలు, ఏళ్ల తరబడి పెద్దవారు ఉండిపోయే చోటు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండిపోయిన ఇళ్లవారి కోసం మధురవాడ, పెందుర్తి, భీమిలి వైపు అలాంటివి మన దగ్గరా నడుస్తున్నాయి. వీటికి సూటిగా వర్తించే నిబంధనలు పలచన. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటిచ్చే హోమ్ గురించి చెబుతుంది. ప్రైవేటు హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తేవాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ఆ సభ కాలంలో అది చట్టం కాలేదు. కాబట్టి ఈ రోజు మనం ఏ తనిఖీ కావాలని అడుగుతామో అది దాదాపు కొత్తగా కట్టుకునే ఇల్లు. పునాది ఎక్కడ వేయాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

శనివారం రాత్రి ఏడు గంటలకు

పద్ధతులను పోల్చడానికి నా దగ్గర ఒక గీటురాయి ఉంది. అది మా పెద్దమ్మ.

తుంటి ఎముక విరిగాక ఆమెను నగర శివార్లలోని ఒక హోమ్‌లో చేర్చారు. నేల అద్దంలా ఉండేది. వరండాలో సీసీ కెమెరాలు, వాకిట్లో తులసికోట. నెలనెలా పిల్లల ఫోన్లకు నివేదిక వచ్చేది: రక్తపోటు, షుగరు, ఆహారం, నిద్ర, చివర్లో "సంతృప్తికరం". నేను ఎప్పుడూ ఆదివారం పదకొండింటికి వెళ్లేదాన్ని. ఒకసారి గాజువాకలో పెళ్లికి వెళ్లి, తిరిగి వస్తూ శనివారం రాత్రి ఏడింటికి అటు దిగాను.

మంచం కాళ్ల దగ్గర పక్క మార్చే చార్టు వేలాడుతోంది. మంచాన పడిన మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించి, ఆ గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఆ రోజు తేదీకి రాత్రి 10, 12, 2, 4 గంటల గడులన్నీ నిండి ఉన్నాయి. అప్పుడు సమయం ఏడు.

దుప్పటి ఎత్తి పెద్దమ్మ మడమ చూశాను. రూపాయి బిళ్ల అంత మేర కందిపోయి ఉంది. వేలితో నొక్కి వదిలితే ఆ చోటు ఒక్కక్షణం తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. ఎరుపు కదలలేదు. పడక పుండు మొదలయ్యే తీరు అదే. మంచినీళ్ల గ్లాసు కిటికీ గట్టు మీద ఉంది. లేవలేని మనిషికి అది మూడు మూరల దూరం. తాగుతావా అని అందించబోతే, "వద్దులే అమ్మా, మళ్లీ పక్క తడుస్తుంది, పాపం ఆ పిల్లను ఎన్నిసార్లని పిలవను" అంది. పక్క తడవకూడదని ఆమె నీళ్లు తాగడం తగ్గించుకుంది. ఆయాగా ఉన్న ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేను. రాత్రికి పద్దెనిమిది మంచాలకు ఆమె ఒక్కతే.

ఆ నెల నివేదికలో కూడా "సంతృప్తికరం" అనే ఉంది. అందుకే ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ తనిఖీ ఆ రాత్రిని పట్టుకోగలదా?

చెప్పి వచ్చే తనిఖీ

మనకు అలవాటైనది ఇదే. ముందు రోజు ఫోన్ వస్తుంది. ఫినాయిల్‌తో గదులు కడుగుతారు, కొత్త దుప్పట్లు పరుస్తారు, సెలవులో ఉన్న నర్సును పిలిపిస్తారు. అధికారి వచ్చి రిజిస్టర్లు చూసి, అవును, కాదు గడులు నింపి వెళ్తారు. మా పెద్దమ్మ చార్టు ఆ తనిఖీలో నూటికి నూరు మార్కులు తెచ్చుకునేది.

అలాగని దీన్ని పూర్తిగా తీసిపారేయను. కట్టడానికి సంబంధించినవి ఒక్కరోజులో తెచ్చిపెట్టేవి కావు: రెండో మెట్లదారి, చక్రాల కుర్చీ పట్టే తలుపు, వాలుబాట, అగ్నిమాపక పరికరాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆక్సిజన్ యంత్రం మీద, గాలి పరుపు మీద ఉన్న మనిషికి కరెంటు లేకపోతే ఏమవుతుందో నర్సులకు చెప్పనక్కర్లేదు. జనరేటరు, దానికి డీజిలు, తుపాను సమయంలో ఎవరిని ఎక్కడికి తరలిస్తారన్న కాగితం, ఇవన్నీ అక్టోబరుకు ముందే, చెప్పి వచ్చి తీరిగ్గా చూడవలసినవి. దీన్ని కట్టడం వరకే ఉంచుకోవాలి.

చెప్పకుండా వచ్చి, మంచం దగ్గర మొదలయ్యేది

అమెరికాలో 1987 చట్టంతో నర్సింగ్ హోమ్ తనిఖీ మారింది. అంతకుముందు హోమ్‌కు సేవ చేసే సామర్థ్యం ఉందా అని చూసేవారు. ఆ తర్వాత, అక్కడ ఉన్న మనిషికి సేవ నిజంగా అందుతోందా అని చూడడం మొదలైంది. మాటగా చూస్తే తేడా చిన్నదే. పనిలోకి దిగితే అధికారి కూర్చునే చోటే మారిపోతుంది. ఆఫీసు గది నుంచి మంచం పక్కకు వస్తాడు.

అక్కడి నియమాల్లో మనం అరువు తెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి. తనిఖీ చెప్పకుండానే జరగాలి. ముందుగా హోమ్‌కు ఉప్పందించిన వారికి 2,000 డాలర్ల వరకు జరిమానా. రెండు తనిఖీల మధ్య 15 నెలలు దాటకూడదు, రాష్ట్రం మొత్తం మీద సగటు 12 నెలలు ఉండాలి. కనీసం పదో వంతు తనిఖీలు తెల్లవారుజామునో, సాయంత్రమో, శని, ఆదివారాల్లోనో మొదలవ్వాలి. బృందంలో రిజిస్టర్డ్ నర్సు తప్పనిసరిగా ఉండాలి. మన దగ్గర ఈ చివరి మాట మీద నేను పట్టుబడతాను. మడమ మీద ఎరుపు చూసి ఆగేది నర్సు కన్నే.

తప్పులను తూచే తీరు కూడా నాకు నచ్చింది. అవును, కాదు అని వదిలేయరు. హాని ఎంత తీవ్రమైనదో నాలుగు మెట్లు, అది ఎంతమందికి జరుగుతోందో మూడు మెట్లు పెట్టి, పన్నెండు గడుల పట్టికలో ఏ నుంచి ఎల్ వరకు అక్షరాలు వేశారు. ప్రాణం మీదికి తెచ్చేవి జే, కే, ఎల్. వంటగదిలో ఒక మూత లేని డబ్బా, మంచానికి కట్టేసిన మనిషి, రెండూ మన తనిఖీ కాగితంలో ఒక్కో "కాదు"గానే మిగులుతాయి. ఈ పట్టికలో అలా కలిసిపోవు. తేలిన లోపాలను రాసి హోమ్‌కు ఇస్తారు. ఎలా సరిదిద్దుతారో హోమ్ పది రోజుల్లో రాసివ్వాలి.

ఇది మా పెద్దమ్మ రాత్రిని పట్టుకునేది. కష్టం ఎక్కడంటే, దీనికి మనుషులు కావాలి, సమయం కావాలి. మాట్లాడడం తెలియాలి. మన హోమ్‌లలో స్టీల్‌ప్లాంటులో, రైల్వేలో, నేవీలో పనిచేసి ఇక్కడే ఉండిపోయిన ఒడియా, బెంగాలీ, హిందీ కుటుంబాల పెద్దలూ ఉంటారు. వారితో వారి భాషలో మాట్లాడాలి, అదీ యాజమాన్యం గదిలో లేనప్పుడు. మతిమరుపు జబ్బు ఉన్నవారు చెప్పలేరు. వారి దగ్గర భోజనం వేళ కూర్చుని చూడాలి. పళ్లెం పెట్టి వెళ్లిపోయి, అరగంటకు వచ్చి నిండు పళ్లెం తీసుకుపోతున్నారా, కూర్చుని ముద్ద ముద్దగా తినిపిస్తున్నారా? ఈ తేడా ఏ రిజిస్టరులోనూ దొరకదు.

హోమ్ నడిపేవారి భయం కూడా నిజమైనదే. చెప్పకుండా వచ్చే అధికారి అంటే మన దగ్గర చేయి చాచే అధికారి అన్న అర్థం కూడా ఉంది. కష్టపడి, అప్పు చేసి మంచిగా నడుపుతున్న మనుషులు నాకు తెలుసు. వారిని వేధింపులకు వదిలేయకూడదు. అందుకు రెండు కట్టుబాట్లు చాలు. ఒకే శాఖ నుంచి ఒక్కరే రాకూడదు, వైద్య ఆరోగ్య శాఖ నర్సు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారి కలిసి రావాలి. చూసినది ఆ రోజే రాసి, ఒక ప్రతి అక్కడే ఇచ్చి వెళ్లాలి.

లెక్కలు చూసి ఎంచుకునేది

యాప్ పెట్టమన్న మిత్రుడి ఆలోచన ఇదే. హోమ్‌లు నెలనెలా అంకెలు పంపిస్తే, తేడా కనిపించిన చోటికే అధికారులు వెళ్తారు. ఉన్న కొద్దిమందితో ఎక్కువ పని జరుగుతుంది. ఆలోచన మంచిదే. అంకెలు ఎవరు పంపుతారన్నదే నా సందేహం.

అమెరికా ఈ పాఠం ఖర్చు పెట్టి నేర్చుకుంది. 2008 డిసెంబరులో నర్సింగ్ హోమ్‌లకు ఐదు స్టార్ల రేటింగు మొదలుపెట్టారు. తనిఖీ ఫలితం ఒక్కటే బయటివారు చూసి రాసినది. సిబ్బంది ఎంతమంది, సేవ ఎలా ఉంది అన్నవి హోమ్‌లు తమ గురించి తామే చెప్పుకునేవి. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకున్నట్టు అయింది. చివరికి 2016 నుంచి సిబ్బంది లెక్కను జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టి, 2018 నుంచి రేటింగులో దాన్నే వాడుతున్నారు. మాటకు బదులు జీతం చూశారు. చేతిలో డబ్బు పడని మనిషి ఆ రాత్రి డ్యూటీలో లేనట్టే.

ఇంగ్లండు అనుభవం మరో రకం. అక్కడ కేర్ హోమ్‌లను కేర్ క్వాలిటీ కమిషన్ చూస్తుంది. భద్రత, ఫలితం, ఆదరణ, అవసరానికి స్పందన, నాయకత్వం అనే ఐదు ప్రశ్నలు, నాలుగు స్థాయుల రేటింగు. ఇలాంటి సేవలు తాము పొందినవారు, అలాంటి వారిని చూసుకున్న కుటుంబీకులు కూడా తనిఖీలో పాల్గొంటారు. ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే 2023 నుంచి కొత్త మూల్యాంకన చట్రం, కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చారు. 2024లో డాక్టర్ పెన్నీ డాష్ సమీక్ష తేల్చిందేమిటంటే, కోవిడ్ ముందు కాలంతో పోలిస్తే తనిఖీలు సగానికి పైగా తగ్గిపోయాయి, పాతబడిన రేటింగులే ప్రజల ముందు ఉండిపోయాయి. ఆధునికం చేయడం అంటే యంత్రం కొనడమే అనుకుంటే, యంత్రాన్ని చూసుకోవడంలోనే మనుషుల సమయం కరిగిపోతుంది.

మరి లెక్కలు వద్దా? కావాలి, కానీ అవి దారి చూపాలి, తీర్పు చెప్పకూడదు. దీనికి అమెరికాలో 2017 నవంబరు 28 నుంచి నడుస్తున్న తనిఖీ పద్ధతి నాకు మంచి నమూనాగా కనిపించింది. అంతకుముందు కొన్ని రాష్ట్రాల్లో కాగితం మీద జరిగే పాత పద్ధతి, మరికొన్నింటిలో కంప్యూటర్ ఆధారిత పద్ధతి ఉండేవి. రెండింటినీ కలిపి ఒకటి చేశారు. లోతుగా చూడవలసిన వారిలో దాదాపు 70 శాతం మందిని రికార్డుల ఆధారంగా కంప్యూటర్ ముందే ఎంచుతుంది. మిగతా 30 శాతం మందిని తనిఖీకి వచ్చినవారు గదుల్లో తిరిగి, చూసి, మాట్లాడి తామే ఎంచుకుంటారు. మా పెద్దమ్మ ఆ 70 శాతంలో ఎప్పటికీ పడేది కాదు. కాగితం మీద ఆమె బాగుంది. కిటికీ గట్టు మీది గ్లాసు చూసిన మనిషి మాత్రం ఆమెను 30 శాతంలోకి తెచ్చేవాడు. ఆ 30ని తగ్గించే ఏ యాప్‌కూ నేను ఒప్పుకోను.

బాగా నడుస్తున్న హోమ్‌లలో తనిఖీని కుదించే ప్రయోగం కూడా అక్కడ జరుగుతోంది. దీని మీద మా సంఘంలో గట్టి వాదన అయింది. నా మాట ఇది: మంచి పేరున్న చోట తనిఖీ గంటలు తగ్గించండి, రావడం మానకండి. ఒక మంచి హోమ్ చెడిపోవడానికి రెండు నెలలు చాలు. అనుభవమున్న సూపర్వైజరు మానేసి, ఆ జీతం మిగిలిందని యజమాని సంతోషిస్తే చాలు. తేడాలు పదేపదే బయటపడిన చోటికి అమెరికాలో ఆరు నెలలకోసారైనా వెళ్తారు. మనమూ అంతే అడగాలి.

గుర్తింపు పత్రాలు, స్టార్లు

ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఆసుపత్రులకు మేలు చేసింది, కాదనను. కానీ అది కోరి తెచ్చుకునేది, ఫీజు కట్టేది, సిద్ధమై పిలిచేది. పది మంచాల హోమ్‌కు ఆ ఖర్చు భారం. ఆ ఖర్చు పెట్టుకోగలిగిన పెద్ద హోమ్‌కు గోడ మీద మరో ఫ్రేము. ప్రభుత్వ తనిఖీకి ఇది తోడు కావచ్చు, బదులు కాలేదు.

స్టార్ల గురించి రెండు ముక్కలు. దూరాన ఉన్న పిల్లలకు ఒక్క చూపులో తెలిసేది కావాలి, అది న్యాయమైన కోరిక. కానీ తనిఖీ కుదురుకోక ముందే స్టార్లు ఇస్తే, ఆ స్టార్లు చూసే జనం డబ్బు కడతారు. మొదటి రెండేళ్లు తనిఖీ నివేదికనే తెలుగులో, ఉన్నది ఉన్నట్టు, హోమ్ వాకిట్లో అంటించమనండి. స్టార్ల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

మా అర్జీలో ఏమి రాశాం

2022 ఏప్రిల్‌లో విభజన తర్వాత విశాఖ జిల్లా చిన్నదైంది. గాజువాక నుంచి భీమిలి వరకు ఒక పూటలో తిరిగి రావచ్చు. కాబట్టి మనుషులు చాలరన్న జవాబు ఇక్కడ అంత బలంగా నిలవదు. చెప్పకుండా వచ్చే తనిఖీ ఏడాదికి ఒకటి ప్రతి హోమ్‌కూ, లోపాలున్న చోట ఆరు నెలలకోసారి. అందులో కొన్ని తప్పనిసరిగా రాత్రి భోజనం వేళ, కొన్ని ఆదివారం. కట్టడం, కరెంటు, తుపాను సన్నద్ధత మాత్రం వేరుగా, చెప్పి.

అంకెలు నాలుగే అడిగాం. ప్రతి ఒక్కరి నెలవారీ బరువు. పడక పుండ్లు ఎంతమందికి, వాటిలో ఇంటి నుంచి వచ్చినప్పుడే ఉన్నవి ఎన్ని. ఎవరెవరు పడ్డారు, ఎవరిని ఆసుపత్రికి తరలించారు. రాత్రి డ్యూటీలో ఎంతమంది, అది కూడా బ్యాంకు ద్వారా వెళ్లిన జీతాల లెక్కతో. బరువును మొదట పెట్టింది నేనే. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే గట్టిగా ఆలోచించాలన్నది నర్సింగులో పాత కొలత. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు. తూకం యంత్రం ఉన్న ఎవరైనా సరిచూడగలరు కాబట్టి ఈ అంకెను దాచడం కష్టం.

ఇంకొకటి కూడా చేర్చాం. తనిఖీ బృందంతో సంఘం నుంచి ఒక పెద్ద మనిషి వెళ్లాలి. అమెరికాలో 1978 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ హోమ్‌లలో ఉన్నవారి తరఫున మాట్లాడే ప్రతినిధి వ్యవస్థ తప్పనిసరి, అందులో స్వచ్ఛందంగా పనిచేసేవారు చాలామంది. తనిఖీ ఏడాదికి ఒకసారి వస్తుంది. వీరు మధ్యలో వెళ్లి కూర్చుని మాట్లాడతారు. అధికారికి చెప్పడానికి జంకే మాట, తన ఈడు మనిషి పక్కన కూర్చుంటే బయటికి వస్తుంది. నీళ్లు ఎందుకు తాగడం లేదో పెద్దమ్మ నాకు చెప్పింది నేను నర్సునని కాదు.

అర్జీ మీద నిర్ణయం వచ్చేలోపు, మీవారు ఏదైనా హోమ్‌లో ఉంటే ఎప్పుడూ వెళ్లే వేళకు వెళ్లకండి. రాత్రి ఏడింటికో, పొద్దున్నే ఆరున్నరకో వెళ్లండి. దుప్పటి ఎత్తి మడమలు, నడుము కింద తోకఎముక దగ్గర చూడండి. మంచం మీంచి చేయి చాపితే గ్లాసు, గంట అందుతాయో లేదో చూడండి. చార్టులో మీరు నిలబడిన గంట తర్వాతి గడులు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ముందు సూపర్వైజరుతో మాట్లాడండి, సగం విషయాలు అక్కడే సర్దుకుంటాయి. మా పెద్దమ్మ మడమ కింద దిండు, మంచానికి ఆనించి చిన్న బల్ల, రాత్రికి రెండో ఆయా అలాగే వచ్చాయి. సర్దుకోకపోతే తేదీ, సమయం, చూసినది రాసి పెట్టుకుని వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తీస్తారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.